గవాక్షి కింద చెల్లెలి మొక్కలు

నాకు మొక్కలంటే ప్రేమ లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ నన్ను మెచ్చుకోకుండా ఉంటారు. పూలు కావాలంటే బజారులో మూర కొనుక్కుంటాను. కరివేపాకు కూరగాయలామె కొసరు వేస్తుంది. ఇంట్లోకి మట్టి తెచ్చిపెట్టుకుని, దానికి నీళ్ళు పోసి, ఆకులు తడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాత ఫొటోలు తీసి బంధువులందరికీ పంపే ఓపిక నా చెల్లెలిది.

దాని ఇల్లు ఆళ్లగడ్డలో, ఊరి చివర కొత్తగా వేసిన కాలనీలో ఉంది. ముందు ఉత్తరం వైపు వరండా, వరండాకు సిమెంటు జాలీ. పక్కింటి వేపచెట్టు నీడ సగం దాకా వస్తుంది. ఎండ నేరుగా పడదు గానీ వెలుతురుకు కొదవ లేదు. అట్లాంటి చోట కర్ర పాతినా చిగురేస్తుందని నేను ఎగతాళి చేసేదాన్ని. అది మూతి ముడుచుకునేది. మనీ ప్లాంటు, తెల్లపూల పీస్ లిల్లీ, కుండీల్లో పెరిగే పొట్టి పామ్ మొక్కలు, పేర్లు నా నోట పట్టనివి ఇంకొన్ని ఆ వరండా నిండా ఉండేవి. వాటన్నిటిలోకీ పెద్దది, పెద్దాకుల మాన్‌స్టెరా. దాని ఆకులు పుట్టుకతోనే చీలికలతో, కంతలతో వస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేను "ఏమ్మే, పురుగు తినేస్తాంటే మందు కొట్టకుండా చూస్తా కూర్చున్నావా?" అన్నాను. అది కడుపు పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత చాలాకాలం ఎవరొచ్చినా ఈ మాట చెప్పి నా పరువు తీసేది.

పోయిన ఏడాది దానికి జబ్బు బయటపడింది. జబ్బు పేరు మా ఇళ్ళల్లో గట్టిగా పలకరు, నేనూ పలకను. కర్నూలులో చికిత్స మొదలుపెట్టారు. సూదులు వేసిన తర్వాత కొన్నాళ్ళు ఒంట్లో శక్తి పూర్తిగా పడిపోతుందనీ, తడిమట్టిలో బూజు ఉంటుందనీ, దాని గాలి కూడా తగలకూడదనీ డాక్టరు చెప్పాడు. పచ్చికూరలు వద్దు, పూలు వద్దు, ఇంట్లో కుండీలు అసలే వద్దు. జుట్టు రాలిపోతుందన్నప్పుడు ఏడవని మనిషి కుండీలు వద్దన్నప్పుడు ఏడ్చింది.

"అక్కా, ఈయప్పకు చెప్తే యాడన్నా పారేసి వస్తాడు. నువ్వు తీసుకపో," అని ఫోను చేసింది. ఈయప్ప అంటే దాని మొగుడు, నా మరిది. మంచివాడే గానీ మొక్కకూ చీపురుకూ తేడా తెలియని మనిషి.

"నాకేం తెలుసమ్మే వాటి సంగతి?"

"తెలియకున్నా పర్వాల్యేదు. నేను లేచి తిరిగేసరికి ఒక్కటన్నా నాకు తిరిగియ్యల్ల. అంతే."

కాదంటానా? మరిది ట్రాలీ ఆటో మాట్లాడాడు. కుండీల మధ్య వరిగడ్డి కూరి, శిరివెళ్ల మీదుగా నంద్యాలకు తెచ్చుకున్నాను.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది బజారులో స్టీలు, ఇత్తడి సామాన్ల అంగడి. అంగడి వెనకే ఇల్లు. అంగట్లోంచి ఒక గది, దాని వెనక నడిమి గది, దాని వెనక వంటిల్లు, అన్నీ వరసగా ఉంటాయి. రెండు పక్కలా పక్క అంగళ్ళ గోడలు కాబట్టి కిటికీలకు చోటే లేదు. పాత మిద్దె కాబట్టి వెలుతురు కోసం పైకప్పులో గవాక్షులు ఉండేవి. మేడ లేపినప్పుడు అవన్నీ మూతపడ్డాయి. నడిమి గదికి పైన మాత్రం కట్టడం రాలేదు, అందుకని అక్కడ ఒక్క గవాక్షి మిగిలింది, దానికి అద్దం బిగించాం. పొద్దున అందులోంచి చాటంత వెలుతురు గోడ మీద పడుతుంది. మధ్యాహ్నానికి నాపరాళ్ళ మీదకు దిగుతుంది, సాయంత్రం ఎదుటి గోడ ఎక్కి పోతుంది. మా ఇంటికి పగలు అంటే అంతే.

మేడ మీద పెట్టొచ్చు కదా అని అందరూ అడిగారు. పెట్టాను. మొదటి రోజే కోతులు వచ్చి ఒక పామ్ మొక్కను వేళ్ళతో సహా పీకి, పిట్టగోడ మీద కూర్చుని తీరిగ్గా నమిలాయి. కోతులు రాకపోయినా మా ఎండకు ఆ లేత ఆకులు ఆగవు. పైన ఎండ ఎక్కువ, కింద వెలుతురు తక్కువ, మధ్యలో నేను.

ఫోనులో వీడియోలు చూశాను. తక్కువ వెలుతురులో పెరిగే మొక్కలంటూ ఒకమ్మాయి చక్కగా చెబుతుంది. ఆమె వెనక గోడంత కిటికీ! వాళ్ళు తక్కువ అనుకునేది మా ఇంట్లో పండగపూట కూడా ఉండదు. మా ఆయన మొక్కల కోసమే చేసిన లైటు ఒకటి తెప్పించాడు. నేను అది వెయ్యడం, మా అత్త వచ్చి ఆపడం. పట్టపగలు లైటు వెయ్యకూడదనేది ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో పాటించిన నియమం. ఆపకూడదని ఎన్నిసార్లు చెప్పినా, దారిన పోతూ ఆమె చెయ్యి తనంతట తానే స్విచ్చు మీదకు పోయేది.

సరే, లైటు లేకపోతే పోనీ అని చాటంత వెలుతురు ఎటు పోతే అటు కుండీలు జరపడం మొదలుపెట్టాను. పొద్దున గోడ దగ్గరికి, మధ్యాహ్నం నడిమికి, సాయంత్రం అవతలికి. నడుము పట్టేసింది. చెల్లెలు వీడియో కాల్‌లో చూసి నవ్వి, "ఎండను పట్టుకోలేవక్కా, ఊరికే అలసట. వెలుతురు తక్కువైతే పెరగవు, అంతే, చావవు. నీళ్ళు మాత్రం తగ్గించు. వేలు మట్టిలో పెట్టి చూడు, తడి ఉంటే చెంబు ముట్టుకోవద్దు," అని చెప్పింది.

ఎంత తేలికగా చెప్పింది! మా ఇంట్లో చెంబు ముట్టుకోవద్దట! మాది చెంబులమ్మే అంగడి. దొర్నిపాడు నుంచి, వెలుగోడు నుంచి పెళ్ళి సామాన్లకు జనం వస్తారు. వచ్చినవాళ్ళకు కూర్చోబెట్టి నీళ్ళివ్వడం మా మామ కాలం నుంచీ వాడుక. తాగగా చెంబులో నీళ్ళు మిగిలితే మా సీమలో కాలవలో పారబోయరు. మొక్క కనబడితే దాని మొదట్లో పోస్తారు. నీళ్ళకోసం నానా అగచాట్లు పడ్డ ఊళ్ళ మనుషులు, వాళ్ళను తప్పు పట్టలేం. అంగడి వెనక వాకిలిలోంచి నడిమి గది కనబడుతుంది. వాలిపోయిన మొక్కను చూసి ఎవరి మనసు ఊరుకుంటుంది?

"అయ్యో, ఎండిపోతాందే పాపం," అని లేచి వచ్చి పోసేవాళ్ళు.

"ఎండిపోలేదన్నా, కుళ్ళిపోతాంది. పొయ్యొద్దు," అని నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి చెంబు ఖాళీ.

ఆళ్లగడ్డ వరండాలో అయితే ఆ నీళ్ళు పూటలో ఆరిపోయేవి. మా ఇంట్లో మట్టి ఆరదు. కుండీల అడుగు నుంచి పాచివాసన మొదలైంది, చిన్న చిన్న దోమల్లాంటివి లేచాయి. అట్ట మీద పెద్ద అక్షరాలతో నీళ్ళు పొయ్యొద్దని రాసిపెట్టాను. ఆత్మకూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన దాన్ని నిదానంగా చదివి, "అంత కరువేం వచ్చిందమ్మా మీకు?" అని జాలిపడి, తన బాటిల్లో నీళ్ళు పోసి వెళ్ళాడు.

జనాన్నైనా ఆపగలిగాను, వాకిలికి పరదా కట్టి. ఆపలేనిది మా అత్తను.

చెల్లెలికి మొదటి సూది వేసిన రోజు నుంచి మా అత్త పూజగదిలో శివయ్యకు రోజూ అభిషేకం పెట్టుకుంది. పాలు, పెరుగు, తేనె, టెంకాయ నీళ్ళు, ఆపైన చెంబెడు మంచినీళ్ళు. మోకాళ్ళ నొప్పులతో కూర్చోలేదు, అయినా కూర్చునేది. నా చెల్లెలు ఆమెకు ఏమవుతుంది? కోడలి చెల్లెలు. పండక్కో పెళ్ళికో కలిసే మనిషి. దాని కోసం పొద్దున్నే వణుకుతూ చన్నీళ్ళు పోసుకుని ఆమె మంత్రం చదివేది.

అభిషేకం నీళ్ళు తొక్కుడు పడకూడదు. కాలవలో కలవకూడదు. చెట్టు మొదట్లోనే పోయాలి. అంతకుముందు సందు చివర ఉన్న గన్నేరు చెట్టుకు పోసి వచ్చేది. ఇప్పుడు ఎవరి కోసం అభిషేకమో వాళ్ళ మొక్కలే ఇంట్లో ఉంటే గన్నేరు దాకా ఎందుకని, ఆ పాలూ తేనే కలిసిన నీళ్ళు రోజుకొక కుండీలో పోస్తూ వచ్చింది. నాకు తెలిసేసరికి పీస్ లిల్లీ మొదలు మెత్తబడి, పట్టుకుంటే చేతికి ఊడి వచ్చింది. కుండీలో పుల్లటి వాసన.

నాకు కోపం ఆగలేదు. "అత్తా, నీకు దండం పెడతా, పొయ్యొద్దు. దాని మొక్కలన్నీ సస్తాండాయి," అని అరిచాను.

మా అత్త చెంబు దించలేదు. "నేను పోసేది మొక్కకు కాదమ్మే, నీ చెల్లెలికి," అంది.

పొయ్యవద్దంటే నా చెల్లెలికి పొయ్యవద్దన్నట్టే. వెళ్ళి వంటింట్లో కూర్చున్నాను. ఇంకోసారి వాదించాను, బతిమాలాను, మా ఆయనతో చెప్పించాను. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఈ నీళ్ళకు ఏ చెట్టూ చావదనీ, చస్తే అది మొక్క దోషమే గానీ శివయ్యది కాదనీ ఆమె నమ్మకం. చివరకు ఒప్పందం కుదిరింది. మాన్‌స్టెరాను మాత్రం ముట్టుకోదు, మిగతావి ఆమె ఇష్టం. మిగతావాటిని అలా నేనే అప్పగించాను.

ఒక్కొక్కటే పోయాయి. మనీ ప్లాంటు ముందు పసుపుపచ్చగా, తర్వాత నల్లగా మారింది. పామ్ మొక్కలు కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. నేను కత్తెరతో కొసలు కత్తిరించేదాన్ని, ఆకు పొట్టిదయ్యేది గానీ ఎండడం ఆగేది కాదు. చచ్చినదాన్ని చూపించకుండా దాచే అలవాటు నాకు లేదు. చెల్లెలు వీడియోలో అడిగితే చూపించేదాన్ని. అప్పటికి దాని తల మీద గుడ్డ, బుగ్గలు లోపలికి పోయి, కళ్ళే మిగిలాయి. నేను ఖాళీ కుండీ చూపిస్తుంటే అది, "పోనీలేక్కా, నువ్వేం చేస్తావు," అనేది. నేను తెర మీద దాని ముఖం చూసి పైకి, "అన్నం తింటాండావా?" అని మాత్రం అడిగేదాన్ని. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఒకటే. తింటాండా, నిలవడంల్యా.

ఆ నెలల్లో నాకు ఎప్పుడూ కోపంగానే ఉండేది. అత్త మీద, కోతుల మీద, మేడ కట్టి గవాక్షులు మూసినవాళ్ళ మీద, కర్నూలు డాక్టరు మీద. నిజానికి నేను చెయ్యగలిగింది ఏదీ లేకపోవడం మీద. మనిషికి ఏమీ చెయ్యలేకపోతున్నాను, మొక్కకైనా చేద్దామంటే అదీ చేతకావడం లేదు. జీవితంలో ఇంత పనికిమాలినదాన్నని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

మాన్‌స్టెరా మాత్రం చావలేదు. బతికిందని కూడా గట్టిగా చెప్పలేను. కాడలు సన్నగా సాగి గవాక్షి వైపు ఒరిగిపోయాయి. పెద్ద ఆకులు రాలిపోయి నాలుగైదు మిగిలాయి. కొత్తగా వచ్చిన ఆకు అరచేయంత ఉంది, చీలిక లేదు, కంత లేదు. చెల్లెలికి చూపిస్తే చాలాసేపు చూసింది.

"వెలుతురు చాలకుంటే చీలదక్కా. చిన్నపిల్లప్పటి ఆకు మాదిరి వచ్చింది," అంది. తర్వాత, "ఒకసారి తెచ్చి చూపీ. లోపలికి వద్దులే, బయట పెట్టు. కిటికీలోంచి చూస్తా," అంది.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. చికిత్సకు కొన్నాళ్ళు విరామం ఇచ్చారని మరిది అంతకు ముందే ఫోనులో చెప్పాడు. విరామం అంటే మంచిదే కదా అనుకున్నాను. మొక్క అడిగిందంటే మనిషి కోలుకుంటోందనే అనుకున్నాను. కుండీని పాత చీరలో మూటకట్టి, ఆకులు విరగకుండా చుట్టూ వదులుగా గుడ్డ చుట్టి ఆళ్లగడ్డ బస్సెక్కాను.

"ఏందక్కా, చెట్టుకు పెండ్లి చేస్తాండావా?" అని కండక్టరు నవ్వాడు. శిరివెళ్లలో ఎక్కి నా పక్కన కూర్చున్న ముసలామె గుడ్డ సందులోంచి ఆకు చూసి, "ఎండకు వాడిపోయింది పాపం," అంటూ బాటిల్ మూత తిప్పింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్న పట్టుకు పాపం భయపడిపోయింది. తర్వాత నాకే సిగ్గేసి, సంచిలో ఉన్న అరటిపండు ఇచ్చాను.

ఇల్లు గుర్తుపట్టలేనట్టు ఉంది. దుమ్ము రాకుండా వరండా జాలీకి లోపలి నుంచి ప్లాస్టిక్ పట్ట కొట్టారు. కుండీలు పెట్టిన చోట నేల మీద గుండ్రటి మరకలు మాత్రం ఉన్నాయి. చెల్లెలు పడమటి గదిలో మంచం మీద ఉంది. వీడియోలో కనబడేదానికంటే చిన్నదైపోయింది. నేను స్నానం చేసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళాను. అంతకుముందే కిటికీ బయట స్టూలు వేసి, మొక్కను దాని మీద పెట్టి, అద్దంలోంచి చెల్లెలికి ఎదురుగా వచ్చేట్టు తిప్పి ఉంచాను.

అది మోచేతి మీద లేచి చూసింది. "బాగా చూసుకున్నావక్కా," అంది.

"ఏం బాగా? వేరేవన్నీ చంపి తెచ్చినా."

"ఒక్కటన్నా ఇయ్యమంటి. తెచ్చినావు గదా."

అప్పుడు కిటికీ దగ్గర నీడే ఉంది. నాకు మనసులో ఒక్కటే ఆలోచన. ఇన్ని నెలలు చాటంత వెలుతురుకు మొహం వాచిన మొక్క, ఈ పూటైనా కడుపునిండా ఎండ తాగుతుంది. అన్నం కలిపి చెల్లెలికి రెండు ముద్దలు పెట్టాను, మూడోది వద్దంది. దాని కాళ్ళు పిసుకుతూ మంచం పక్కన చాప మీద కూర్చున్నాను. బస్సు ప్రయాణం, ఫ్యాను గాలి. ఎప్పుడు ఒరిగానో తెలియదు, నిద్రపట్టింది.

లేచేసరికి ఎండ పడమటికి తిరిగి కిటికీ మీద నేరుగా కొడుతోంది. మొక్క వైపు చూస్తే ఆకులు పచ్చగా లేవు. నడిమంతా తెల్లగా పాలిపోయి, అంచులు గోధుమరంగు తిరిగి, కాగితాల మాదిరి ముడుచుకున్నాయి. ఆ చీలని చిన్నాకు పూర్తిగా కాలిపోయింది. చీకటికి అలవాటైన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెడితే అంతేనని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా దాన్ని నా చేతులతోనే కాల్చానని.

చెల్లెలు మెలకువగానే ఉంది. కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి.

"చూస్తానే ఉన్నావా? నన్ను లేపకూడదా ఏమ్మే? కేకెయ్యకూడదా?" ఏడుపూ కోపమూ కలిసిపోయి అరిచాను.

"ఎన్నాళ్ళయిందో నువ్వు నిద్రపోయి. బాగా నిద్రపోతాంటివి," అంది.

నేను బయటికి పరుగెత్తి స్టూలు లాగాను. కుండీ ఎత్తుకుంటే చేతులు కాలేంత వేడి. వరండాలో నీడకు పెడదామని తిరిగాను. అద్దం మీద వేలితో కొట్టిన చప్పుడైంది. చెల్లెలు మంచం మీద లేచి కూర్చుంది, కిటికీ రెక్క తానే తీసింది. ఆ కిటికీ తియ్యకూడదని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పిన మనిషి అది.

"ఆడ పెట్టొద్దక్కా. లోపలికి తీసుకరా."

"లోపలికి ఎట్ల? మట్టి తగలకూడదన్నాడు గదా డాక్టరు?"

"ఇంక తగిలినా ఏం కాదులే. సూదులు ఇంక వద్దన్నాడు. పని చెయ్యడంల్యా అంట. ఇంట్లోనే ఉండు, ఏం ఇష్టమైతే అది తిను, ఏం కావాలంటే అది పెట్టుకో అని చెప్పి పంపినాడు."

మరిది గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. బయటి నుంచి ఎప్పుడు వచ్చాడో చూడలేదు. అతని ముఖం చూశాను. విరామం అన్నావు కదప్పా అని అడగబోయాను. అతను తల వంచుకున్నాడు.

నాకు ఏడుపు రాలేదు. కుండీ రొమ్ముకు ఆనించుకుని, కాళ్ళు కడుక్కోవడం కూడా మరచి, మట్టికాళ్ళతో గదిలోకి నడిచాను. నన్ను ఎవరూ ఆగమనలేదు.

"యాడ పెట్టాలమ్మే?" అని అడిగాను.

మంచం మీద కొంచెం పక్కకు జరిగి అది చోటు చూపించింది. "ఈడే, నా చెయ్యి తగిలేట్ల పెట్టు," అంది.